కై-స్క్వేర్ 0.106 వచ్చింది, గడులు కలిపితే 0.031 వచ్చింది. ఏది రాయాలి?

మడివాల_పోషకాహారం | శుక్రవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. బెంగళూరులో న్యూట్రిషన్ ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. థీసిస్ ఇవ్వడానికి ఇంకా మూడు వారాలే ఉంది. రెండు రోజులుగా ఒక్క టేబుల్ దగ్గరే ఆగిపోయాను.

మడివాల, బీటీఎం లేఅవుట్ చుట్టుపక్కల ఆరు లేడీస్ పీజీల్లో, ఒక్కోదానిలో 20 మంది చొప్పున 120 మందిని అడిగాను. తిండి ఎక్కడ తింటారు, పొద్దున టిఫిన్ తింటారా లేదా అని. లెక్క ఇదీ:

పీజీ తిండి తినేవాళ్లు 70 మంది. వాళ్లలో రోజూ టిఫిన్ తినేవాళ్లు 24, అప్పుడప్పుడు తినేవాళ్లు 30, మానేసేవాళ్లు 16.
బయట మెస్‌లో తినేవాళ్లు 38 మంది. 18, 14, 6.
సొంతంగా వండుకునేవాళ్లు 12 మంది. 9, 2, 1.

తిండి ఎక్కడ తింటారన్నదానికీ టిఫిన్‌కీ సంబంధం ఉందా అని చూసే స్వతంత్రత పరీక్ష చేశాను. కై-స్క్వేర్ 7.63, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 4, పీ విలువ 0.106. అంటే సంబంధమే లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంకా ఎక్కువ, యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం. 0.05 కంటే తగ్గితేనే మామూలుగా రిజల్ట్ వచ్చిందంటారు. టేబుల్ కింద సాఫ్ట్‌వేర్ ఒక వార్నింగ్ కూడా ఇచ్చింది: రెండు గడుల్లో ఎక్స్‌పెక్టెడ్ కౌంట్ 5 కంటే తక్కువ ఉంది, అన్నిటికన్నా తక్కువ 2.30 అని. మా గైడ్‌కి చూపిస్తే గడులు కలిపెయ్యమన్నారు. మెస్సూ సొంత వంటా కలిపేసి, అప్పుడప్పుడు, మానేయడం రెండూ ఒకటి చేశాను. ఈసారి కై-స్క్వేర్ 4.64, పీ విలువ 0.031. వార్నింగ్ పోయింది, రిజల్ట్ వచ్చింది. కానీ మనసు ఒప్పుకోవడం లేదు. ఇది సరైన పనేనా?

---

వైట్‌ఫీల్డ్_డేటా | రాత్రి 11:05

గడులు కలపడం తప్పేం కాదండి, అందరూ చేసేదే. ఎక్స్‌పెక్టెడ్ కౌంట్ తక్కువగా ఉంటే కలపమని పుస్తకాల్లోనే ఉంటుంది. 0.031 రాసెయ్యండి.

---

కొత్తగా_చేరా | రాత్రి 11:12

నేను డిగ్రీ ఫైనలియర్ అక్కా. నాకో చిన్న డౌటు. అసలు టేబుల్లో 3 కానీ 1 కానీ ఉంటే కదా తక్కువ అనాలి? 2.30 ఎక్కడిది? 0.30 మనిషి ఎవరు?

---

లెక్కల_మాస్టారు | శనివారం, ఉదయం 5:50

అమ్మా, తమ్ముడూ, ఇద్దరికీ కలిపి చెబుతాను. నేను ఒంగోలు దగ్గర కాలేజీలో ముప్పై ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు మారతహళ్లిలో అబ్బాయి దగ్గర ఉంటున్నాను.

ముందు 2.30 సంగతి. 120 మందిలో టిఫిన్ మానేసేవాళ్లు మొత్తం 16, 6, 1 కలిపితే 23. అంటే నూటికి 19 మంది చిల్లర. ఎక్కడ తింటారన్నదానికీ టిఫిన్‌కీ ఏ సంబంధమూ లేదనుకుంటే, వండుకునే 12 మందిలోనూ అదే నిష్పత్తి ఉండాలి. 12ని 23తో గుణించి 120తో భాగిస్తే 2.3. ఎక్స్‌పెక్టెడ్ కౌంట్ అంటే ఇదే. సంబంధం లేకపోతే ఆ గడిలో సగటున పడాల్సిన మనుషుల లెక్క. నిజంగా పడినవాళ్లు 1. ఇలా ప్రతి గడిలోనూ తేడా తీసి, వర్గం చేసి, ఎక్స్‌పెక్టెడ్‌తో భాగించి అన్నీ కూడితే కై-స్క్వేర్. కార్ల్ పియర్సన్ 1900లో ఇచ్చిన సూత్రం ఇది.

డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 4 ఎందుకంటే, అడ్డంగా నిలువుగా మొత్తాలు తెలిసిన 3×3 టేబుల్లో నాలుగు గడులు నింపితే మిగతా అయిదూ వాటంతట అవే వచ్చేస్తాయి. పియర్సన్ దగ్గర ఈ లెక్క తప్పింది. ఆయన పద్ధతిలో 8 అవుతుంది. దాన్ని 1922లో ఫిషర్ సరిచేశాడు. అంత పెద్దవాడికే అది పట్టడానికి కాలం పట్టింది కాబట్టి మా పిల్లలు అక్కడ తడబడితే నేను ఎప్పుడూ కోప్పడలేదు.

ఇక 5 సంగతి. 1954లో కాక్రన్ చెప్పిన మాట ప్రకారం ఏ గడిలోనూ ఎక్స్‌పెక్టెడ్ 1 కంటే తగ్గకూడదు, 5 కంటే తక్కువున్న గడులు మొత్తంలో అయిదో వంతు దాటకూడదు. నీ టేబుల్లో తొమ్మిదిలో రెండు, అంటే 22 శాతం. కొంచెంగా దాటింది. అలాంటప్పుడు గడులు కలపడం ఒక్కటే దారి కాదు. ఎక్స్‌పెక్టెడ్ తక్కువున్నా పనిచేసే ఫిషర్ ఎగ్జాక్ట్ పరీక్షని పెద్ద టేబుళ్లకి కూడా 1951 నాటికే విస్తరించారు, నీ సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంటుంది.

కానీ నీ మనసు ఒప్పుకోకపోవడానికి కారణం వేరు, అది సరైన కారణమే. 3×3 టేబుల్ని 2×2 చెయ్యడానికి అడ్డు వరుసల్లో మూడు దారులు, నిలువు వరుసల్లో మూడు దారులు. మొత్తం తొమ్మిది టేబుళ్లు. అంకెలు చూశాక అందులోంచి ఒకటి ఎంచుకుంటే, 0.031 అన్నది ఇక 0.031 కాదు. ఏది కలపాలో డేటా చూడకముందే రాసుకుని ఉండాలి. నీ సినాప్సిస్ తీసి చూడు తల్లీ. టిఫిన్‌ని ఎలా విడగొడతానని రాశావో అదే చెయ్యి.

---

వైట్‌ఫీల్డ్_డేటా | ఉదయం 8:20

మాస్టారు చెప్పింది కరెక్ట్. నా పై మాట వెనక్కి తీసుకుంటున్నాను. డేటా చూశాక కలపడం వేరు, ముందే అనుకుని కలపడం వేరు.

మా ఆఫీసులో సమస్య ఇంకో వైపు నుంచి వస్తుంది. మాకు మనుషులు తక్కువ కాదు, మరీ ఎక్కువ. ఒక బటన్ రంగు మార్చి, పది లక్షల మందిలో సగానికి పాతది, సగానికి కొత్తది చూపిస్తాం. రంగుకీ కొనడానికీ సంబంధం ఉందా అని ఇదే పరీక్ష. అంతమంది ఉంటే ఎంత చిన్న తేడాకైనా పీ విలువ సున్నాకి దగ్గరగా వచ్చేస్తుంది. అందుకని సంబంధం ఎంత గట్టిదో 0 నుంచి 1 వరకు చెప్పే క్రామర్ వీ కూడా చూస్తాను. 2×2 టేబుల్లో కై-స్క్వేర్‌ని మనుషుల సంఖ్యతో భాగించి వర్గమూలం తీస్తే అదే. కై-స్క్వేర్ 100 వచ్చిందని కొత్తవాళ్లు సంబరపడతారు. పది లక్షల మందికి 100 అంటే వీ కేవలం 0.01. సంబంధం ఉంది, కానీ దానికోసం ఎవరూ పని మార్చుకోనక్కర్లేదు.

---

నైట్‌డ్యూటీ | ఉదయం 9:15

నేను కమ్యూనిటీ మెడిసిన్ డాక్టర్‌ని. డ్యూటీ దిగి ఇప్పుడే చూస్తున్నా. తమ్ముడు అడిగిన డౌటు మా పోస్ట్ గ్రాడ్యుయేట్ డాక్టర్లలో కూడా చాలామందికి ఉంటుంది. గడిలో కనిపించే అంకె 5 కంటే తక్కువైతే కై-స్క్వేర్ పనికిరాదనుకుంటారు. చూడాల్సింది ఎక్స్‌పెక్టెడ్‌ని.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే టేబుల్ ఒకటుంది. 1950లో డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ లండన్ ఆస్పత్రుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 649 మంది మగవాళ్లనీ, వేరే జబ్బులతో చేరిన 649 మందినీ సిగరెట్ల గురించి అడిగారు. క్యాన్సర్ ఉన్నవాళ్లలో పొగతాగనివాళ్లు ఇద్దరే. రెండో గుంపులో 27 మంది. గడిలో 2 ఉంది కదా అని భయపడక్కర్లేదు. పొగతాగనివాళ్లు మొత్తం 29, రెండు గుంపులూ సమానం, కాబట్టి ఎక్స్‌పెక్టెడ్ చెరో 14.5. తేడా 12.5. కాగితం మీద చేసి చూడండి, కై-స్క్వేర్ 22 వస్తుంది. సంబంధం ఉందనడానికి ఒక డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్‌కి 3.84 దాటితే చాలు. అలాంటిది 22.

అయినా ఆ 22 నాకు చెప్పేది సంబంధం లేదనుకోవడం కష్టమని మాత్రమే. ఎంత గట్టి సంబంధమో చెప్పదు. దానికి ఆడ్స్ రేషియో తీయాలి. క్యాన్సర్ గుంపులో పొగతాగేవాళ్లకీ తాగనివాళ్లకీ ఉన్న నిష్పత్తిని రెండో గుంపులోని అదే నిష్పత్తితో భాగించడం. ఇక్కడ 14. పేషెంటుకి ఆ 14 అర్థమవుతుంది, 22 అర్థం కాదు. నీ థీసిస్‌లో కూడా పీ విలువ ఒక్కటే రాసి వదిలెయ్యకు. పీజీ తిండి తినే 70 మందిలో రోజూ టిఫిన్ తినేది 34 శాతం, మిగతావాళ్లలో 54 శాతం అని రాయి. చదివినవాళ్లకి అదే గుర్తుంటుంది.

---

హెబ్బాళ_విత్తనం | ఉదయం 10:02

నేను విత్తనాల మీద పనిచేస్తాను. మాకు ఈ పరీక్ష మెండెల్ దగ్గర మొదలవుతుంది. ఆయన బఠాణీల లెక్క: గుండ్రంగా పసుపుగా 315, గుండ్రంగా ఆకుపచ్చగా 108, ముడతపడి పసుపుగా 101, ముడతపడి ఆకుపచ్చగా 32. మొత్తం 556 గింజలు. ఆకారానికీ రంగుకీ సంబంధం ఉందా? 2×2 టేబుల్ వేస్తే కై-స్క్వేర్ 0.116 వస్తుంది. పీ విలువ 0.73. ఆకారం దారి ఆకారానిది, రంగు దారి రంగుది. ఎక్కడైనా ఇదే పరీక్షలో పెద్ద అంకె వస్తే ఆ రెండు జన్యువులూ ఒకే క్రోమోజోమ్ మీద దగ్గర దగ్గరగా ఉన్నాయేమో అని మాకు మొదటి అనుమానం వస్తుంది.

మీరంతా సంబంధం ఉండాలని కోరుకుంటారు. మాకు లేకపోవడమే చాలాసార్లు కావాల్సిన వార్త. మరీ బాగా కుదిరినా చిక్కే అనుకోండి. మెండెల్ అంకెలన్నీ కలిపి చూస్తే అనుకున్నదానికి మరీ దగ్గరగా ఉన్నాయని 1936లో ఫిషర్ రాశాడు, ఆ చర్చ చాలా ఏళ్లు నడిచింది.

---

మడివాల_పోషకాహారం | మధ్యాహ్నం 1:30

అందరికీ థాంక్స్. మాస్టారూ, సినాప్సిస్ తీశాను. "రోజూ తింటారు / రోజూ తినరు" అని రెండుగానే రాసుకున్నాను! ఫారం మీద మూడు ఆప్షన్లు పెట్టి, తర్వాత మర్చిపోయి మూడుగా లెక్కపెట్టాను. తిండి మాత్రం పీజీ, మెస్, సొంత వంట అని మూడే రాశాను. మెస్సూ సొంత వంటా కలపమని ఎక్కడా లేదు.

అలా 3×2 టేబుల్ వేశాను. 24, 46. 18, 20. 9, 3. అన్నిటికన్నా చిన్న ఎక్స్‌పెక్టెడ్ 5.1. వార్నింగ్ రాలేదు. కై-స్క్వేర్ 7.49, డిగ్రీలు 2, పీ విలువ 0.024. వీ 0.25. చాలా రిలీఫ్‌గా ఉంది!

ఇంకొక్క ప్రశ్న. వీళ్లలో 60 మందికి డైట్ క్లాస్ చెప్పి, నెల తర్వాత మళ్లీ అదే అడిగాను. "క్లాసుకి ముందు, తర్వాత" అని రెండు వరుసలు పెట్టి కై-స్క్వేర్ వేయొచ్చా?

---

నైట్‌డ్యూటీ | మధ్యాహ్నం 2:10

వద్దమ్మా. 60 మందే ఉంటే ఆ టేబుల్లో 120 మంది కనబడతారు. ఒక్కో అమ్మాయిని రెండుసార్లు లెక్కపెట్టినట్టు. దీనికి మెక్‌నెమర్ పరీక్ష ఉంది, 1947 నాటిది. ముందూ తర్వాతా ఒకేలా చెప్పినవాళ్లని అది పక్కన పెడుతుంది. మారినవాళ్లనే చూస్తుంది. ఉదాహరణకి 14 మంది కొత్తగా తినడం మొదలుపెట్టారు, 5గురు మానేశారు అనుకుందాం. తేడా 9, దాని వర్గం 81, మారిన 19 మందితో భాగిస్తే 4.26. అంతే.

---

పదాల_పెట్టె | సాయంత్రం 4:45

నేను తెలుగు పాఠాల మీద భాషాశాస్త్రం పనిచేస్తాను. డాక్టరుగారు చెప్పిన "ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టడం" అన్న మాట చూసి ఆగలేకపోయాను.

"చల్లని" పక్కన "గాలి" రావడం యాదృచ్ఛికమా, అలవాటా అని తేల్చడానికి మేమూ 2×2 టేబులే వేస్తాం. మాకు చాలా మాటలు అరుదుగా వస్తాయి కాబట్టి, మరీ చిన్న ఎక్స్‌పెక్టెడ్‌తో భాగించాల్సి వచ్చి పియర్సన్ సూత్రం లేనిపోని పెద్ద అంకెలిస్తుంది. 1993లో డనింగ్ దాని బదులు లాగ్-లైక్లీహుడ్ నిష్పత్తి అనే ఇంకో కొలత వాడమని రాసినప్పటి నుంచి మావాళ్లు ఎక్కువగా అదే వాడతారు. కానీ ఏ సూత్రం వాడినా తీరని ఇబ్బంది ఒకటుంది. మాటలు ఒంటరిగా రావు. పత్రికలో వంటల పేజీలో ఒకసారి "సొరకాయ" వచ్చిందంటే ఆ పేజీలోనే ఇంకో పదిసార్లు వస్తుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని పదకొండు సాక్ష్యాలనుకుంటుంది. నిజానికి ఒక్క వంట, ఒక్క సాక్ష్యం. నేను ఒక ఏడాది పని దీనివల్లే మళ్లీ చేశాను.

అమ్మాయ్, మీవి ఆరు పీజీలన్నావు. ఒక్కో పీజీలో 20 మందీ ఒకే డైనింగ్ హాల్లో, ఒకే ఇడ్లీ తింటారు కదా?

---

లెక్కల_మాస్టారు | సాయంత్రం 5:30

నేను పొద్దున చెప్పాల్సింది ఇది. అడిగినందుకు సంతోషం.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకు చూస్తే చాలంటారు మన ఇళ్లల్లో. అది ఆ కుండ వరకే. ఒకే కుండలోంచి ఇరవై మెతుకులు పట్టుకుని చూస్తే ఇరవై కుండలు చూసినట్టు కాదు. పరీక్ష పేరు స్వతంత్రత పరీక్ష. అది అడిగేది తిండికీ టిఫిన్‌కీ మధ్య స్వతంత్రత గురించి. కానీ అడగకుండానే నమ్మేసే స్వతంత్రత ఇంకొకటుంది. ఒక అమ్మాయి జవాబుకీ పక్క మంచం అమ్మాయి జవాబుకీ సంబంధం లేదని. ఆ రెండోది లేకపోతే మొదటిదాని పీ విలువకి అర్థం ఉండదు.

మోటు లెక్క ఒకటి వేద్దాం. పీజీకి 20 మంది. ఒకే పీజీ అమ్మాయిల జవాబుల మధ్య పోలిక 0.05 అనుకుందాం, పెద్దదేం కాదు. 0 అంటే పోలికే లేదు, 1 అంటే అందరిదీ ఒకే జవాబు. తిండి ఏర్పాటు పీజీని బట్టే ఉంటుందనుకుంటే, 19ని 0.05తో గుణించి 1 కలిపితే 1.95. కై-స్క్వేర్ దాదాపు అన్ని రెట్లు ఉబ్బిందన్నమాట. నీ 7.49ని దానితో భాగిస్తే 3.84. రెండు డిగ్రీలకి పీ విలువ దాదాపు 0.15. అంటే 120 మందిని అడిగావు కానీ, చేతిలో ఉన్నది అరవై మంది ఇచ్చేంత సమాచారమే.

ఇది సర్వేల్లో ఎప్పుడూ ఉండే సంగతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా ఊళ్లనీ పట్టణాల్లో చిన్న బ్లాకులనీ గుంపులుగా ఎంచుకునే చేస్తారు. అలాంటి టేబుళ్లకి కై-స్క్వేర్‌ని ఎలా సరిచెయ్యాలో జె.ఎన్.కె. రావు, ఆలస్టర్ స్కాట్ 1981లోనూ 1984లోనూ రాశారు. రావు-స్కాట్ సవరణ అని సర్వే డేటాకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. కాకపోతే నీకు ఆరే పీజీలు. ఆరు గుంపులతో ఏ సవరణా గట్టిగా నిలబడదు. ఆ సంగతి కూడా థీసిస్‌లో రాయాలి.

రావు అంటే ఇంకో రావుగారి మాట చెప్పకుండా ఉండలేను. సి.ఆర్. రావుగారు పుట్టింది మన కర్ణాటకలోని హడగలిలో, తెలుగు ఇంట్లో, 1920లో. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివారు. 1948లో ఆయన ఇచ్చిన స్కోర్ పరీక్షని ఇలాంటి టేబుల్‌కి వర్తింపజేస్తే సరిగ్గా పియర్సన్ కై-స్క్వేరే వస్తుంది. 1900 నాటి సూత్రం ఎందుకు పనిచేస్తుందో చెప్పే పెద్ద చట్రం అది. 2023లో 102 ఏళ్ల వయసులో పోయారు. మైసూరు రోడ్డులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మీదుగా బస్సులో వెళ్లిన ప్రతిసారీ నాకు ఆయన గుర్తొస్తారు.

---

కొత్తగా_చేరా | రాత్రి 7:40

మాస్టారూ, ఇదంతా గడులుంటే కదా. రెండూ అంకెలే అయితే, అంటే నిద్ర గంటలూ మార్కులూ లాంటివైతే, కోరిలేషన్ సున్నా వస్తే స్వతంత్రమే అనుకోవచ్చా?

---

వైట్‌ఫీల్డ్_డేటా | రాత్రి 8:15

అనుకోకూడదు తమ్ముడూ. -2, -1, 0, 1, 2 తీసుకో. వాటి వర్గాలు 4, 1, 0, 1, 4. మొదటిది తెలిస్తే రెండోది పక్కాగా తెలుస్తుంది, అయినా కోరిలేషన్ సున్నా. మామూలు కోరిలేషన్ గీత తిన్నగా ఉంటేనే చూస్తుంది. నీ నిద్ర ఉదాహరణే తీసుకో. నాలుగు గంటలు పడుకున్నా మార్కులు తగ్గుతాయి, పన్నెండు గంటలు పడుకున్నా తగ్గుతాయి. అది తిన్నని గీత కాదు. ఇలాంటివి పట్టుకోవడానికి 1948లో హోఫ్‌డింగ్ ఒక పరీక్ష ఇచ్చాడు. 2007లో సెకెయ్, రిజ్జో, బకిరోవ్ డిస్టెన్స్ కోరిలేషన్ ఇచ్చారు, అది సున్నా అయితే నిజంగా స్వతంత్రమే. మనవాడు సౌరవ్ చటర్జీ ఈమధ్య ఇచ్చిన కొలత రెండు లైన్ల కోడ్‌లో అయిపోతుంది. నేను అదే ఎక్కువగా వాడుతున్నాను.

---

నైట్‌డ్యూటీ | రాత్రి 9:00

పోషకాహారం అమ్మాయికి ఒక మాట. పీజీల వారీగా టేబుళ్లు విడగొట్టి ఒక్కసారి కళ్లతో చూడు. 1973లో బర్క్లీ విశ్వవిద్యాలయం అడ్మిషన్లలో మగవాళ్లకి 44 శాతం, ఆడవాళ్లకి 35 శాతం సీట్లు వచ్చాయి. మొత్తం టేబుల్ చూస్తే వివక్షలా కనిపిస్తుంది. డిపార్ట్‌మెంట్ల వారీగా విడగొడితే అన్నిటికన్నా పెద్ద డిపార్ట్‌మెంట్లలో ఒకదానిలో మగవాళ్లకి 62, ఆడవాళ్లకి 82. సీటు దొరకడం కష్టమైన డిపార్ట్‌మెంట్లకి ఆడవాళ్లు ఎక్కువగా అప్లై చేశారు, అసలు సంగతి అది. విడగొట్టి చూసి మళ్లీ కలిపి లెక్కపెట్టే మాంటెల్-హెన్‌జెల్ పద్ధతి 1959 నుంచీ ఉంది. ముందు మాత్రం కళ్లతో చూడు.

---

మడివాల_పోషకాహారం | రాత్రి 11:55

చూశాను. ఫారాలన్నీ మంచం మీద ఆరు కుప్పలు పోశాను.

సొంతంగా వండుకునే 12 మందిలో 11 మంది ఒకే పీజీ. మిగతా అయిదింటిలో గదుల్లో స్టవ్ పెట్టుకోనివ్వరు. ఆ ఒక్క పీజీలో మేడ మీద చిన్న వంటగది ఉంది. రోజూ టిఫిన్ తింటామన్న 9 మందీ అక్కడివాళ్లే. నాకు ఆ పీజీ బాగా గుర్తుంది. సర్వేకి పొద్దున ఏడింటికి వెళ్తే ఓనరమ్మ వంటగదిలో నిలబడి అందరికీ పాలు కాచి ఇస్తూ, "తిన్నావా, తినకుండా వెళ్లకు" అని ఒక్కొక్కళ్లనీ పేరు పెట్టి అడుగుతోంది. నాకూ ఒక గ్లాసు ఇచ్చింది.

నేను కొలిచింది సొంత వంటనా, ఆవిడనా?

---

లెక్కల_మాస్టారు | ఆదివారం, ఉదయం 5:45

ఆ ప్రశ్న థీసిస్‌లో ఇలాగే రాయి తల్లీ. 0.024 రాయి, పక్కనే పీజీల వారీ టేబుల్ పెట్టు, 11 మంది ఒకేచోటివాళ్లని రాయి. వైవాలో ఎవరైనా అడిగితే నీ దగ్గర జవాబు ఉంటుంది. మూడు వారాలుంది కదా. స్టవ్ పెట్టుకోనిచ్చే పీజీలు ఇంకో నాలుగైదు దొరుకుతాయేమో చూడు. ఒక్కోదానిలో ఐదారుగురు చాలు. మనుషుల్ని పెంచకు, ఇళ్లని పెంచు.

---

పదాల_పెట్టె | ఉదయం 7:10

తావరెకెరె వైపు మా చెల్లెలు ఉండే పీజీలో వంటగది ఉంది. పక్క వీధిలో ఇంకొకటి ఉందంటోంది. ఈరోజు ఖాళీనే, నేనూ తోడొస్తాను. గైడ్‌తో మాట్లాడి, అదనంగా అడగడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలో లేదో ముందు కనుక్కో. మెసేజ్ పెట్టు.

---

మడివాల_పోషకాహారం | ఉదయం 7:25

గైడ్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టానక్కా. ఆయన సరేనంటే పదకొండింటికి మడివాల చెక్‌పోస్ట్ దగ్గర కలుద్దాం. ఈసారి ఫారం పైన పీజీ కోడ్‌తో పాటు "పొద్దున ఎవరైనా టిఫిన్ తినమని అడుగుతారా?" అని ఒక లైను కలిపాను.